ప్లాన్ దించిన చేతులు

"జర ఆ ప్లాన్ మళ్ల పెంచుండ్రి... మీ కాళ్లు మొక్కుత! మా అమ్మ నా కోసం సూస్తుంటది!"

మహేశ్వరి కన్నీళ్లతో బతిమాలుతూనే ఉంది. భర్త సుశాంత్ బూట్లు వేసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"మా అమ్మకు ఎదురు మాట్లాడినవ్ గదా! కొన్ని దినాలు నెట్ లేకుంటే బుద్ధొస్తది. ఉత్త ఫోన్ మాట్లాడుకో... ఎవరొద్దన్నరు?"

ఉత్త ఫోనా! మంచాల ఊర్లో ఒంటరిగా ఉంటున్న తన తల్లి బుగ్గమ్మకు పుట్టుకతోనే మాటా, వినికిడీ లేవని ఆయనకు తెలియదా! వీడియో కాల్‌లో అమ్మ చేతులు కదిలితేనే కదా మహేశ్వరికి ఆమె మాట అందేది!

ఇబ్రహీంపట్నంలోని ఆ ఇంట్లో ముగ్గురి ఫోన్లకూ ఏడాది ఒప్పందం మీద ఒకే కనెక్షన్ ఉంది. ఒప్పందం మధ్యలో ఎవరి ప్లాన్‌నైనా పెంచుకోవచ్చు, దించుకోవచ్చు. ఆ వెసులుబాటే సుశాంత్ చేతిలో కొరడా అయింది! కూర నచ్చితే ఫోన్‌లోని యాప్‌తో పెంచేవాడు, మాట నచ్చకపోతే దించేవాడు. పక్కింటివాళ్ల ఫోన్ అడిగితే, ఇంటి పరువు తీశావని ఇంకో రభస...

ఈసారి దించిన ప్లాన్ పెంచకముందే బుగ్గమ్మ కన్నుమూసింది.

"ఆయాసమొస్తున్నా దవాఖానకు రాలే బిడ్డా!" పొరుగింటి మణెమ్మ గుండెలు బాదుకుంది. "ఫోన్ ముంగట పెట్టుకొని నీకే చేసింది... నువ్వు కనపడకపోతివి! చేతులతోని ఏందో చెప్పుకుంట, చెప్పుకుంటనే పానమిడిసింది..."

అమ్మ ఏం చెప్పిందో! ఆ మాట ఇక ఏ జన్మకు తెలుస్తుంది!

అమ్మ దినకర్మలు కాగానే మహేశ్వరి, తన నంబరును వేరు చేయించుకుందామని బస్టాండు దగ్గరి మొబైల్ షాపుకు వెళ్లింది. కౌంటర్‌లో ఉన్న అంకిత కంప్యూటర్ చూసి ఆశ్చర్యపోయింది.

"అక్కా, కనెక్షన్ మొత్తం నీ పేరు మీదనే ఉన్నది! సార్ ఆధార్‌ల పేరు తప్పుందని నీది పెట్టిండ్రు. ఎవరి ప్లానైనా నువ్వే మార్చొచ్చు."

మహేశ్వరి కళ్లు నిప్పులు కురిశాయి.

"అయితే ఆయనది దించు చెల్లె. అన్నిటికన్న కిందికి! యాప్ పాస్‌వర్డ్ గూడ మార్చు."

మన్నెగూడలో ప్లాట్లు అమ్మే సుశాంత్‌కు ఫోనే బతుకు. ఆ రోజు కొనడానికి వస్తున్నవాళ్లకు దారి మ్యాప్ పంపబోతే పోలేదు, వీడియో పోలేదు. వాళ్లు విసిగిపోయి ఇంకొకరి దగ్గర ప్లాట్ చూసుకున్నారు. సాయంత్రం అతను ఇంటికి ఉరికొచ్చాడు.

"నా ప్లాన్ ఎవరు దించిండ్రు?"

"నేనే." పెళ్లయ్యాక మొదటిసారి ఆమె అతణ్ని ఏకవచనంలో పిలిచింది. "ఉత్త ఫోన్ మాట్లాడుకో... నిన్నెవరొద్దన్నరు?"

అతను అరిచాడు, బెదిరించాడు, చివరికి బతిమాలాడు. మర్నాడు పొద్దున ఆమె పెంచింది. అతని మొహం విప్పారింది. మధ్యాహ్నానికి మళ్లీ దించేసింది!

"గిదేంది మహేశ్వరీ!"

"నీ మాట నచ్చలే."

అత్త అనంతమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ అడ్డం వచ్చింది. "బిడ్డా, ముందు నాది దించు! వాడు నిన్ను గోస పెడుతుంటే సూసుకుంట కూసున్న పాపిని నేను! నేను నోరిప్పి ఉంటే మీ అమ్మను కండ్లార సూసుకుంటుంటివి..."

ఆ మాటకు మహేశ్వరి గట్టు తెగినట్టు ఏడ్చింది. తల్లి పోయాక రాని ఏడుపు అది! అత్తను పట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో...

తర్వాత సుశాంత్ ఆధార్‌లో పేరు సరిచేయించుకోగానే, అతని నంబరును అతని పేరు మీదకే మార్పించేసింది. తనది తన పేరునే ఉంచుకుంది. కోపం మాత్రం ఇసుమంతైనా చల్లారలేదు.

సుశాంత్ తలవంచుకుని దగ్గరికొచ్చాడు. "తప్పయింది మహేశ్వరీ... నన్ను మాఫ్ చెయ్యవా?"

"నన్నెందుకడుగుతవ్? మా అమ్మనడుగు."

అతను గోడ మీది బుగ్గమ్మ ఫొటో ముందు నిలబడ్డాడు. "అత్తా..." అన్నాడు.

"నోటితోని కాదు," అంది మహేశ్వరి. "ఆమెకు ఇనపడదు!"

ప్లాన్ దించిన ఆ చేతులతో క్షమాపణ ఎలా చెప్పాలో సుశాంత్‌కు తెలియలేదు.