తల్లి పేరు రాసే గడి

సువార్తమ్మ వరండాలో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తుంచుతోంది. పొద్దున్నే ఆ ఘాటుకి ఇల్లంతా తుమ్ములు. కూతురు సంతోషకుమారి చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, పర్చూరు చర్చిలో పనుందని చెప్పింది. వరసగా ఐదో శనివారం అదే పని! ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన టీచరమ్మకి, పాపం, ఒక్క విషయం సరిగ్గా దాచడం రాలేదు.

సంగతేమిటంటే, పోయిన వేసవిలో మేనత్త కన్నుమూసే ముందు నోరు జారింది. సంతోషకుమారిని కన్నది సువార్తమ్మ కాదట, కన్నతల్లి పురిట్లోనే పోయిందట. పేరు చెప్పేలోపే మేనత్తకు మాట పడిపోయింది. యాభై రెండేళ్ల మనిషికి ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు. ఫొటో లేదు, సమాధి ఎక్కడో తెలియదు. అడుగుదామంటే నాన్న లేడు, అమ్మను అడిగే ధైర్యం లేదు. కనీసం పేరు తెలిస్తే మనసులోనైనా పిలుచుకోవచ్చు కదా! తను పుట్టిన ఏటి సమాధుల రిజిస్టరు పేజీ పేజీ వెతికింది. దొరకలేదు. బాప్తిస్మపు రిజిస్టర్లో చూస్తే తన పేరు పక్కన, తల్లి అన్న గడిలో, సువార్తమ్మ అనే ఉంది.

ఆడపడుచు ఏదో చెప్పే ఉంటుందని అప్పటికే అనుమానమున్న సువార్తమ్మ, గేటు దాకా వెళ్లనిచ్చి అడిగింది.

"ఎవరి కోసమే ఈ తిరుగుడు? నేను చాలలేదా నీకు?"

సంతోషకుమారి కాళ్లు ఆగిపోయాయి. "నువ్వు చాలవని కాదమ్మా. నన్ను కని పోయిన మనిషిని ఏమని తలుచుకోవాలో తెలియట్లేదు. చర్చి సమాధుల పుస్తకంలోనూ దొరకలేదు."

సువార్తమ్మకు కోపం తన్నుకొచ్చింది. జ్వరమొస్తే రాత్రుళ్లు కూర్చున్నదీ, మిరప కోతలకు పోయి చదివించిందీ ఏకరువు పెట్టింది. తిడుతూ తిడుతూనే అసలు మాట చెప్పేసింది.

"సమాధుల పుస్తకంలో ఎందుకుంటుందే? అది బాప్తిస్మం తీసుకోకముందే పోయింది. పున్నమ్మ. మీ అమ్మ పేరు పున్నమ్మ."

తను పెళ్లై వచ్చేసరికి బిడ్డకు మూడేళ్లట. బాప్తిస్మం రోజున అప్పటి పాస్టరు అయ్యగారు తల్లి పేరు అడిగితే మొగుడు నేల చూపులు చూశాడు. పందొమ్మిదేళ్ల సువార్తమ్మ తన పేరు చెప్పేసింది. పున్నమ్మ పేరు రాస్తే బిడ్డ తనది కాకుండా పోతుందని భయమేసిందట.

పున్నమ్మ అని ఒకసారి పైకి అనుకుని సంతోషకుమారి వలవలా ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసే పర్చూరు వెళ్లారు. ఇప్పటి పాస్టరు సంజీవరావు అయ్యగారు రిజిస్టరు తీయగానే సువార్తమ్మ ఆ గడి మీద వేలు పెట్టింది. "నా పేరు కొట్టేసి పున్నమ్మ పేరు రాయండి అయ్యగారూ. దేవుడి ముందు అబద్ధమాడాను."

సంతోషకుమారి ఆ చెయ్యి పట్టుకుంది.

"కొట్టేయొద్దండి. పక్కన రాయండి. ఇద్దరూ నా తల్లులే."

అయ్యగారు మార్జిన్లో రాసి, సాక్షి సంతకం కావాలన్నారు. సువార్తమ్మ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, పున్నమ్మ పేరు కింద సంతకం పెట్టింది.

బయటికొచ్చాక సంతోషకుమారి చిన్నపిల్లలా అడిగింది, "ఎలా ఉండేదమ్మా?"

"మా ఇద్దరిదీ ఒకటే సాలు, మిరప కోతల్లో పక్కపక్కనే కోసేవాళ్లం. నువ్వు కడుపులో ఉండగా నా చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకునేది, తంతోంది చూడవే అని." సువార్తమ్మ కళ్లు తుడుచుకుంది. "నిన్ను మొదట ముట్టుకున్నది అప్పుడే."