కుళాయికి పట్టిన జబ్బు

వంటింటి కుళాయి మళ్ళీ కారుతోంది. నెలలో ఇది నాలుగోసారి.

"ఈ ఇంటికేదో పట్టిందోయ్! మొన్న తలుపు గడియ, నిన్న కుర్చీ కాలు, ఇవాళ ఇది," అన్నాడు కొడుకు భార్యతో, బూట్లు వేసుకుంటూ.

"సాయంత్రానికి దానంతటదే కుదురుకుంటుందిగా. మీకంటే బుద్ధిగలది," అంది కోడలు.

నవ్వుతూనే అంది గానీ ఆమె మనసు ఇక్కడ లేదు. ఆసుపత్రిలో, బతుకు మీద ఆశ వదులుకున్నవాళ్ళతో మాట్లాడడం ఆమె ఉద్యోగం. రెండు కాళ్ళూ పోయిన ఒక లెక్కల టీచరమ్మ నెలరోజులుగా గది దాటి రావడం లేదు. "పొద్దున్నే దేనికోసం లేవాలనిపిస్తుంది?" అని అడిగితే గోడవైపు తిరిగి పడుకుంటోంది.

"నేను చూడనా?" అన్నాడు మావగారు గుమ్మంలోంచి.

"మీరు కూర్చోండి నాన్నా!" కొడుకు గొంతు లేచింది. పోయినేడు బల్బు మారుస్తూ స్టూలు మీంచి పడ్డ దగ్గర్నుంచీ ఆ ఇంట్లో అదే శాసనం. పనిముట్ల పెట్టె బీరువా మీదికెక్కింది. మంచినీళ్ళు కూడా చేతికే అందుతున్నాయి. పెద్దాయన తలూపి కుర్చీలో కూర్చున్నాడు, పెళ్ళివారింట్లో పని దొరకని చుట్టంలా.

ఇద్దరూ బయలుదేరారు. వీధి మలుపులో కోడలికి టిఫిన్ డబ్బా గుర్తొచ్చి స్కూటర్ వెనక్కి తిప్పించింది. లోపలికొచ్చి చూస్తే ఏముంది? మావగారు సింకు ముందు నిలబడి, పాత తువ్వాల్లో దాచిన పానా తీసి, కుళాయి విప్పుతున్నాడు. చొక్కా జేబులోంచి మంచి వాషర్ తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"మావయ్యా! అంటే ఇవన్నీ..."

పానా జారి ఠంగుమంది. ఆ చప్పుడుకి కొడుకూ పరిగెత్తుకొచ్చాడు.

"మీరే పాడుచేసి మీరే బాగుచేస్తున్నారా? దొంగచాటుగా! మేమేం తక్కువ చేశాం నాన్నా?"

పెద్దాయన వాషర్ ఉమ్మేసి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"ఏమీ తక్కువ చెయ్యలేదురా. అన్నీ మీరే చేశారు. నాకే ఏమీ మిగల్చలేదు. ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రి మంచాలూ చక్రాల కుర్చీలూ బాగుచేశాను. పొద్దున్నే లేచేసరికి నాకోసం ఏదో ఒకటి కిర్రుమంటూ ఉండేది. ఇప్పుడు ఏదీ కిర్రుమనదు. అందుకని రాత్రి పడుకోబోయే ముందు ఒకటి వదులు చేసుకుంటున్నా. లేవడానికి."

కోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఊరందరినీ అడిగే ప్రశ్న, రోజూ తను అన్నం పెట్టే మనిషిని ఒక్కసారీ అడగలేదు. మూడు పూటలా తిండీ, వేళకి మాత్రా ఇస్తే సరిపోతుందనుకుంది. తడి నేలమీదే చతికిలబడింది.

"మావయ్యా, మా వార్డులో నెలరోజులుగా ఒక టీచరమ్మ ఉంది..."

"ఆగమ్మా. నాకు పని కల్పించొద్దు. పసివాడికి గిలక్కాయ ఇచ్చినట్టుంటుంది."

"కల్పించడం లేదు. ఆమె చక్రాల కుర్చీ తోసుకుంటే పక్కకి లాగేసి గోడకి కొట్టుకుంటోంది. ఇంకొకరు తోస్తేగానీ కదలని బతుకెందుకంటోంది. నా మాటలన్నీ అయిపోయాయి."

పెద్దాయన కళ్ళు చికిలించాడు. "ఏ పక్కకి?"

"ఎడమకి."

"ముందు చక్రమా, వెనక చక్రమా?"

"నాకేం తెలుసు?"

"నెలరోజులు ఎదురుగా కూర్చుని ఒక్కసారీ కిందికి చూడలేదా తల్లీ?"

ఏడుస్తూనే ఫక్కున నవ్వింది కోడలు. కొడుకు స్టూలెక్కి బీరువా మీంచి పెట్టె దింపాడు. దుమ్ము తన చొక్కా చేత్తోనే తుడిచాడు.

"ఎక్కడమైతే వద్దు నాన్నా," అన్నాడు, కళ్ళు పైకెత్తకుండా.

"నేలమీద కూర్చుని చేసే పనిరా. ఎక్కడికెక్కుతాను?" అంటూ ఆయన కొడుకు వీపు నిమిరాడు.

పెద్దాయన కుర్చీ బాగుచేసిన మర్నాడు టీచరమ్మ తన చేతులతోనే కుర్చీ తోసుకుని, తిన్నగా ఆసుపత్రి తోటదాకా వెళ్ళింది. ఎండలో కాసేపు కూర్చుని, వెనకే నడుస్తున్న పెద్దాయనతో, "కుడి బ్రేకు కూడా కొంచెం వదులుగా ఉందండీ," అంది. ఆయన మొహం వెలిగిపోయింది.

రెండు వారాలు గడిచాయి. ఒక ఉదయం కొడుకు వంటింట్లోంచి అరిచాడు:

"ఏవోయ్, ఈ కుళాయి అస్సలు కారడం లేదేంటి?"

"పాడుచెయ్యడానికి మావయ్యకి తీరికెక్కడిది?" అంది కోడలు, ఆసుపత్రికి తనకీ మావగారికీ కట్టిన రెండు టిఫిన్ డబ్బాలకి మూతలు పెడుతూ.