అద్దాల పెట్టెలో ప్లాస్టరు పాప

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది అరవయ్యో ఏట. మా ఆయన రాత్రిళ్ళు డిటెక్టివ్ పుస్తకాలు చదివి వినిపించేవాడు. ఒక పుస్తకం ఇంకో పాతిక పేజీలుందనగా ఆయనే పోయాడు. హంతకుడెవరో తెలుసుకోవడానికి చదువు నేర్చుకున్నాను. ఇప్పటికీ ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అవుతాయి, పేజీ రాయడానికి పూట పడుతుంది. తప్పులుంటే క్షమించండి. క్షమించకపోయినా కథ మాత్రం ఆగదు.

కళల రాత్రి ముగిసిన మర్నాడు పొద్దున్న డిటెక్టివ్ కాఫీ తాగుతుంటే, ఎదురుగా ఆవిడ వదిన కూర్చుని రాత్రి చూసిన వింతలు ఏకరువు పెడుతోంది. డిటెక్టివ్ యాభై దాటిన ఆడమనిషి. సన్నగా ఉంటుంది, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తుంది. వదిన ఆవిడ అన్నగారి భార్య. భర్త పోయాక ఆడపడుచు దగ్గరికే వచ్చేసింది. ఫోను ఎత్తడం, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం, ప్రతి కేసులోనూ వెంట తిరగడం ఆవిడ పని. తన ఆడపడుచంత తెలివైన మనిషి భూమ్మీద లేదని ఆవిడ గట్టి నమ్మకం. ఆ మాట మొహం మీద మాత్రం ఎన్నడూ అనలేదు.

ఏడాదికొక రాత్రి ఆ ఊళ్ళో మ్యూజియములు తలుపులు మూయవు. ప్రతి వాకిట్లోనూ పాటో వాద్యమో వినిపిస్తుంది. జనంలో ఊపిరాడదని డిటెక్టివ్ వెళ్ళలేదు. వెళ్ళొచ్చిన వదిన చెప్పిందేమిటంటే, పెద్ద మ్యూజియం మేడ మీద కాసేపు దీపాలన్నీ ఆర్పేసి, చీకట్లో డప్పులు వాయించారట. గోడలు అదిరిపోయాయట. పక్కనే నల్లతెరలు కట్టిన గది ఒకటుందట. దాన్ని తాకే గది అంటారు. మ్యూజియంలోని బొమ్మలకు ప్లాస్టరుతో పోసి, అసలు వాటి రంగే పూసిన నకళ్ళు అందులో చక్రాల పీటల మీద పెట్టి ఉంటాయి. వెలుతురు ఉండదు. చూపు లేని ఒక పెద్దావిడ ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని తిప్పుతుంది. చనిపోయిన ఒక శిల్పి భార్య ఆవిడ.

డప్పులయ్యాక వదిన అందులోకి వెళ్తే, ఉంగరాలు తియ్యాలన్నారట. వదిన ఉంగరం సబ్బు పెట్టినా రాదు. అయితే ఆ చెయ్యి వెనక్కి పెట్టుకోమ్మా, ప్లాస్టరు గీరుకుపోతుంది అందట పెద్దావిడ. గుర్రం మెడ, సింహం పంజా, పిల్లనగ్రోవి పట్టుకున్న చెయ్యి, కూజా, అన్నీ ఒంటిచేత్తోనే తడిమిందట వదిన. వచ్చినవాళ్ళ చేతులు పడీ పడీ అవి వెచ్చగా ఉన్నాయట.

"చివర్న నిద్రపోతున్న పాప తల. అక్కడికొచ్చాక, రెండో చెయ్యి కూడా ఇవ్వమ్మా, ఉంగరం ఉన్నా ఏం కాదులే అంది. చెంప మీద చెయ్యేశాను. నూతినీళ్ళల్లో పెట్టినట్టు భుజం దాకా జివ్వుమంది. ఎందుకో ఏడుపొచ్చింది అమ్మాయ్" అంది వదిన.

డిటెక్టివ్ కప్పు కింద పెట్టింది. ఏదో అడగబోయేంతలో గంట మోగింది.

వచ్చినవాడు రాత్రి డ్యూటీ దుస్తుల్లోనే ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో మడిచిన కాగితం ఉంది. ఆ మ్యూజియంలోనే, మేడ మీద హాలుకు కాపలాదారు. నల్లరాతిలో చెక్కిన పాప తల అతని కాపలాలోనిదే. పొద్దున కిటికీలు తెరవగానే ఆ పాప ముక్కు కొన తెల్లగా కనబడిందట. చెవి అంచు కూడా తెల్లబడి ఉంది. నల్లరాతికి తెలుపెక్కడిదని అనుమానపడి, తనే పరుగెత్తుకెళ్ళి మ్యూజియం అధికారిణికి చెప్పాడు. పెట్టె తెరిచి చూస్తే, లోపల ఉన్నది నల్లరంగు పూసిన ప్లాస్టరు.

కాగితం విప్పి చూపించాడు. 'నా అజాగ్రత్త వల్ల శిల్పం పోయినది' అని టైపు చేసి ఉంది. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. సంతకం పెడితే ఉద్యోగం మాత్రమే పోతుందట. పెట్టకపోతే సాయంత్రం పోలీసులకు అప్పగిస్తుందట అధికారిణి.

"మరి పెట్టావా?" అని అడిగింది డిటెక్టివ్.

"లేదు మేడం. భయంగానే ఉంది. కానీ నేను చెయ్యని పనికి నా పేరు నా చేత్తో రాసివ్వను. తీసుకెళ్తే తీసుకెళ్ళనివ్వండి."

వదినకు అతను అక్కడికక్కడే నచ్చేశాడు. కాఫీ పోసి, ఇక నువ్వు భయపడకు, మా అమ్మాయి చేతిలో పడ్డావుగా అంది. ఆడపడుచు వినకుండా గొంతు తగ్గించి మరీ అంది.

మ్యూజియంలో రాత్రి పండగ ఆనవాళ్ళింకా పోలేదు. మెట్ల మీద నలిగిన కాగితపు గ్లాసులు, వాకిట్లో తిరగేసిన కుర్చీలు. మేడ మీద హాలు మధ్యలో అద్దాల పెట్టె, అందులో పాప. నకలని తెలిసి కూడా వదినకు అది ముద్దుగానే కనిపించింది. డిటెక్టివ్ అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. ముక్కు కొన విరగలేదు, గీతలు పడలేదు. అక్కడ రంగు అరిగిపోయి, కింది తెలుపు నున్నగా మెరుస్తోంది.

అధికారిణి వచ్చింది. నలభయ్యేళ్ళుంటాయి. ఇస్త్రీ చీర, రెండు చేతులకూ తెల్లటి నూలు తొడుగులు. మిమ్మల్నెవరు పిలిచారని అడిగింది.

"మీ కాపలాదారు. పొమ్మంటే పోతాను. వాకిట్లో మెట్ల మీద కూర్చుంటాను. వచ్చేపోయే పత్రికలవాళ్ళు పలకరిస్తే పలుకుతాను" అంది డిటెక్టివ్.

అధికారిణి పొమ్మనలేదు. ప్రశ్నలకు ముక్తసరిగా జవాబులిచ్చింది. ఆ తల చెక్కింది వాళ్ళ నాన్నగారు. రెండేళ్ళ వయసులో నిద్రపోతున్న తనే ఆ పాప. చేతి జిడ్డు తగిలితే రాయి పాడవుతుందని, తను కూడా తొడుగుల్లేకుండా దాన్ని ముట్టదు. బయటికెళ్ళే ప్రతి సంచీ గేటు దగ్గర వెతికారు. డప్పులవాళ్ళ పెట్టెలు మాత్రం వదిలేశారు. కాపలావాడు వాళ్ళకందించి ఉంటాడని ఆమె అనుమానం.

"తాళం పగలగొట్టారా?"

"లేదు."

"తాళంచెవి?"

"నా గుత్తిలోనే. ముప్ఫై చెవులుంటాయి. ఇంట్లో వంటింటి మేకుకు వేలాడుతుంది. ఇంట్లో ఉండేది మా అమ్మా నేనూ, అంతే."

"ఆ తాకే గది వెతికారా?"

"వెతకడానికేముంది, అన్నీ నకళ్ళు. తెర తీసి చూశాను. ఐదూ ఉన్నాయి."

"మరి ఈ పెట్టెలోకి ఆరోది ఎక్కణ్ణుంచొచ్చింది?"

నకలు పోసే అచ్చు కింది అంతస్తు సామాన్ల గదిలోనే పడుంది కదా, ఎవడో దొంగతనానికని కొత్తగా పోసి ఉంటాడు అంది అధికారిణి. డిటెక్టివ్ తల ఊపింది. చేతులు వెనక్కి కట్టుకుని, పెట్టె దగ్గర్నుంచి నల్లతెర దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చింది. దీపాలార్పినప్పుడు నువ్వెక్కడున్నావని కాపలాదారును అడిగింది. జనం తోసుకోకుండా తలుపు దగ్గర కదలకుండా నిలబడమన్నారనీ, డప్పుల హోరులో తన దగ్గు తనకే వినబడలేదనీ చెప్పాడతను.

"సాయంత్రం అందరం తాకే గదిలో కలుద్దాం. మీ అమ్మగారిని కూడా రమ్మనండి" అంది డిటెక్టివ్.

అధికారిణి కనుబొమలు ముడిపడ్డాయి. అమ్మ రాత్రంతా మేలుకుని అలిసిపోయి పడుకుందనీ, ఈ గొడవేదీ ఇంకా చెప్పలేదనీ అంది.

"అందుకే రమ్మనండి."

తిరిగొస్తుంటే వదిన ఉండబట్టలేక, ఎవరో తెలిసిందా అని గుచ్చి గుచ్చి అడిగింది. నువ్వే చెప్పావుగా వదినా, పొద్దున కాఫీ తాగుతూ అంది డిటెక్టివ్. వదిన సాయంత్రం దాకా తనేం చెప్పిందో తలుచుకుంటూనే ఉంది. కూజా దగ్గరకొచ్చేసరికి ప్రతిసారీ తల తిరిగింది.

సాయంత్రం నల్లతెరలు మూసి దీపం ఆర్పారు. అధికారిణి, కాపలాదారు, పెద్దావిడ, వదిన. ఎవరి మొహం ఎవరికీ కనబడదు.

"మేడం, తొడుగులు తీసెయ్యండి. ఇక్కడివన్నీ నకళ్ళేనన్నారుగా, నియమం అడ్డురాదు. వదినా, ఆవిడ చెయ్యి ముందు గుర్రం మీద పెట్టించు. తర్వాత పాప మీద" అంది డిటెక్టివ్ గొంతు.

వదిన తడుముకుంటూ ఆ చెయ్యి పట్టుకుంది. గుర్రం మెడ దగ్గర అది మామూలుగానే ఉంది. పాప చెంప మీదికి రాగానే ఒక్కసారి బిగుసుకుపోయింది.

"చల్లగా ఉంది" అంది అధికారిణి. "ఇది... ఇది రాయి."

"రాయే. రాత్రి నుంచీ ఇక్కడే ఉంది. గేటు దాకా పోలేదు" అంది డిటెక్టివ్. "రాత్రి మా వదిన నాలుగు బొమ్మలు తాకితే వెచ్చగా ఉన్నాయి. ఐదోది ఒళ్ళు జివ్వుమనిపించింది. ప్లాస్టరు చేతి వేడికి లొంగుతుంది, రాయి అంత తొందరగా లొంగదు. పైగా ఉంగరం. నాలుగింటికి వద్దన్న ఉంగరం ఐదోదానికి పర్వాలేదన్నారు. రాయి గీరుకుపోదని తెలిసిన మనిషే ఆ మాట అనగలరు. ఇక పెట్టెలో ఉన్నది కొత్తగా పోసింది కాదు. దాని ముక్కూ చెవీ ఏళ్ళ తరబడి జనం తడిమి తడిమి అరిగిపోయాయి. ఈ గదిలో ఉండాల్సిన పాప అదే."

డిటెక్టివ్ మళ్ళీ అందుకుంది. "రాత్రి దీపాలార్పగానే, ప్లాస్టరు పాప ఉన్న పీటను పెట్టె దాకా తోసుకెళ్ళారు. చక్రాల చప్పుడు డప్పుల్లో కలిసిపోయింది. పెట్టె తెరిచి, మార్చి, తాళం వేసి వెనక్కొచ్చారు. అంత చీకట్లో ఎక్కడా తగలకుండా నడవాలంటే, దీపం ఉన్నా లేకపోయినా ఒకటే అయినవాళ్ళై ఉండాలి. ముప్ఫై చెవుల్లోంచి ఒకదాన్ని వేళ్ళతోనే పట్టగలగాలి. ఆ గుత్తి వేలాడే వంటింట్లో తిరిగేవాళ్ళై ఉండాలి."

"అక్కడితో ఆపమ్మా, మిగతాది నేను చెబుతాను" అంది పెద్దావిడ. "ముందు ఆ కాపలా అబ్బాయిని ఎవరేమన్నారో చెప్పండి. పోలీసులంటూ మెట్ల మీద ఎవరో అనుకుంటుంటే విన్నాను."

కాపలాదారు చెప్పాడు. ఆవిడ విని, చీకట్లోనే అతని భుజం వెతికి పట్టుకుంది. "నీ మీదికొస్తుందనుకోలేదు నాయనా. పొద్దున్నే నేనే చెబుదామనుకుని నిద్రపోయాను. ఆ తప్పు నాది. అదొక్కటే నా తప్పు."

"అమ్మా, అది దొంగతనం" అంది అధికారిణి.

"దొంగతనమేంటే? ఊరి జనం చేతుల్లో పెట్టాను. దాచానా?" పెద్దావిడ గొంతు పెరగలేదు. "నువ్వు చిన్నప్పుడు ముట్టుకుంటే చాలు లేచి కూర్చునేదానివి. నిద్రలో నీ మొహం ఎలా ఉంటుందో ఊరందరికీ తెలుసు, కన్నదాన్ని నాకు తెలీదు. అందుకే చెక్కాడు మీ నాన్న, ఇది లేవదు, తనివితీరా చూసుకో అని. ఆయన పోయాక తెచ్చి అద్దాల పెట్టెలో పెట్టావు. అడిగితే తొడుగులేసుకుని పట్టుకోమన్నావు. తొడుగులేసుకుంటే నాకేం కనబడుతుందే అమ్మడూ?"

కాపలాదారు వెళ్ళి దీపం వేశాడు. అధికారిణి చెయ్యి ఇంకా పాప చెంప మీదే ఉంది. తొడుగులు నేల మీద పడి ఉన్నాయి.

కాపలాదారు జేబులోంచి కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. "నా అజాగ్రత్త వల్ల అని ఉంది మేడం. తాళాలు వంటింటి మేకుకు వేలాడదీసింది నేను కాదు. సంతకం మీరు పెడతారా?"

ఇక ఇతని ఉద్యోగం సంగతి అంతేననుకుంది వదిన. కానీ అధికారిణి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. 'పోయినది' కొట్టేసి 'చేతులు మారినది' అని రాసింది. కింద తన పేరు రాసి అతనికే ఇచ్చింది. ఉదయం అన్నవాటికి క్షమించమంది, అందరూ వినేలాగే.

తర్వాత తల్లి వైపు తిరిగింది. "రేపు దీన్ని మళ్ళీ పెట్టెలో పెట్టాలమ్మా. నియమం అది."

"పెట్టు. మళ్ళీ తీస్తాను." గుత్తిలోదాన్ని చూపించి ముందే చేయించుకున్న మారు తాళంచెవిని పెద్దావిడ బొడ్డునుంచి తీసి కూతురి చేతిలో పెట్టింది. "తాళం మార్చుకో. ఎన్ని మార్చినా ఆ మేకుకేగా తగిలిస్తావు."

"మరి పెట్టెలో ఏం పెట్టను?"

"ఇప్పుడున్నదే ఉండనీ. రాత్రంతా ఊరంతా దాన్నే చూసి మురిసిపోయింది. కళ్ళకు ప్లాస్టరు చాలిందే. చేతులకే చాలదు."

కూతురు నవ్విందో, ఏడ్చిందో వదిన సరిగ్గా చూడలేకపోయింది, తన కళ్ళే మసకగా ఉన్నాయి. చూసినదల్లా ఇది: అధికారిణి కింద పడ్డ తొడుగులు తీసి సంచీలో కుక్కేసింది. కాపలాదారును పిలిచి, పాప పీటకు చక్రాలు ఊడదీయించమంది. ఇక కదలకుండా ఇక్కడే ఉండాలట.

మెట్లు దిగుతుండగా వదిన గొంతు సవరించుకుంది. "ఇవాళ ఫర్వాలేదనిపించావు అమ్మాయ్" అంది. డిటెక్టివ్ ఆగి, వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి, వదిన ఉంగరపు చెయ్యి పట్టుకుని మిగిలిన మెట్లు దిగింది.

ఇట్లు,
మిషను పిన్ని, వయసు డెబ్బై ఒకటి.
ఇప్పుడుండేది బస్సు డిపో వెనక, మా చెల్లెలి ఇంటి మేడ మీద గదిలో. తలుపు కొట్టక్కర్లేదు, తోస్తే వస్తుంది.