దీపం వైపు పరిగెత్తేవాళ్లు

ఏజెంట్ ముంగిస పదకొండోసారి చచ్చాడు.

"ఛీ! ఇదేం ఆటండీ బాబూ!" అంటూ కంట్రోలర్‌ని చీఫ్ బల్ల మీదికి గిరాటేశాడు. తెర మీద తుపాకీ పట్టుకున్న రెండు చేతులు తప్ప ఒళ్లే కనిపించని హీరో. గోడల నిండా నెత్తురు. శవం మీద కాలేస్తే పచపచమని చప్పుడు. ఆ చప్పుడు కుదరడం కోసం ఎవడో ఏసీ గదిలో వారం రోజులు కూర్చుని ఉంటాడు.

"ఆట కాదయ్యా, రిహార్సల్," అన్నాడు చీఫ్. "ఆ మ్యాప్ మన కోర్టు బేస్‌మెంట్. విదేశీ ముఠా ముగ్గురు షూటర్లకి దీని మీదే ట్రైనింగ్ ఇచ్చింది. వాళ్ల విషం ఫ్యాక్టరీ గురించి రేపు పదకొండింటికి ఒక కెమిస్టు అక్కడ సాక్ష్యం చెప్తాడు."

"ఆయన్ని వేరేచోటికి మార్చేస్తే పోలా?"

"వీళ్లు మాయమైపోతారు. నాకు ముగ్గురూ ప్రాణాలతో కావాలి. మ్యాప్ చేసినావిడ మనవైపు తిరిగింది. వెళ్లి కలువు. కోడ్‌వర్డ్ 'లోడింగ్'."

ఆవిడ హోటల్ లాబీలో నల్ల పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో కూర్చుని ఉంది. సెంటు వాసన వీధిలోకే కొడుతోంది.

"లోడింగ్," అన్నాడు ముంగిస, నోట్లో పురుగు పడ్డట్టు మొహం పెట్టి.

"ఆ సాక్షి మా అన్నయ్య," అందావిడ గొంతు తగ్గించి. "ముఠాకి ఆ సంగతి తెలీదు. నేను మ్యాప్‌లో గీసిన ఆ చివరి గదిలో ఉండేది ఎవరో పోయిన వారందాకా నాకూ తెలీదు."

"ఇంకెవరి అన్నయ్యో అయితే చంపడానికి దారి వేసిచ్చేవారన్నమాట."

ఆవిడ లాప్‌టాప్ తెరిచింది.

"ఆటగాడు మ్యాప్ చూడడండీ. నేను వెలిగించిన తలుపుకే పరిగెత్తుతాడు. ప్రాక్టీసు కష్టంగా ఉండాలని ముఠావాళ్లకి నచ్చజెప్పి, రోజూ దీపం ఉండే మలుపుని అటూ ఇటూ మార్చేశాను. వాళ్లకిప్పుడు కుడీ ఎడమా గుర్తుండవు. దీపం ఒక్కటే గుర్తు."

"ముగ్గురూ అంతేనా?"

"ఒకడు కాదు. వాడు ఎక్స్‌ప్లోరర్. చీకటి మూలలన్నీ తడుముతాడు. అలాంటివాళ్ల కోసం మూలమూలా ఒక ఎర్ర మందులపెట్టె పెడతాం. ఏదీ దొరక్కపోతే అలుగుతారు."

హంతకులకి అలకలు కూడానా! ముంగిస చీటీ మీద 'ఎర్రపెట్టె ఒకటి' అని రాసుకున్నాడు.

మర్నాడు కోర్టు బేస్‌మెంట్‌లో ముంగిస ఎలక్ట్రీషియన్ వేషంలో నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ఎడమవైపు చివర కెమిస్టు గది. కుడివైపు రికార్డు రూము, ఇనుప తలుపు, లోపల కమెండోలు. పదకొండుకి ఐదు నిమిషాలు ఉన్నాయనగా అతను వాచీ బటన్ నొక్కాడు. ఎడమవైపు చీకటి, కుడివైపు వెలుగు.

లాయర్ల నల్లకోట్లలో ముగ్గురు దిగారు. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగారు. ఇద్దరు మారుమాట లేకుండా వెలుగు వైపు పరిగెత్తారు. వాళ్ల వెనక ఇనుప తలుపు మూసుకుంది.

మూడోవాడు టార్చి వేసి చీకట్లోకి నడిచాడు. ముంగిస చెయ్యి తన తుపాకీ మీదికి వెళ్లి ఆగింది. కాలిస్తే గుండు చెక్క తలుపు దాటి కెమిస్టుకే తగులుతుంది. అతను నిచ్చెన ఎత్తుకుని పిల్లిలా కదిలాడు. ఇంకా ఆరడుగుల దూరం. వాడి చెయ్యి గడియ మీద పడింది.

టార్చి వెలుగు మూలనున్న ఎర్రపెట్టె మీద పడింది.

వాడు గడియ వదిలేశాడు. తుపాకీ చంకలో ఇరికించుకుని, వంగి, రెండు చేతులతో మూత తీశాడు. నిచ్చెన వాడి నడుం మీద దిగింది.

కెమిస్టు బయటికొచ్చి, మెట్లు దిగి పరిగెత్తుకొచ్చిన చెల్లెలి తల నిమిరాడు. "బతికించావమ్మా," అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంది.

బేడీలు పడ్డ మూడోవాడు మెడ సాచి చూశాడు. "మేడమ్, ఆ లెవెల్ మీరే చేశారా? నేను ఆడినవాటిల్లో అదే బెస్టండీ."

"నిజంగానా? చివరి మలుపు కూడా నచ్చిందా?"

అన్నయ్య దక్కినప్పుడు కూడా ఆవిడ ముఖం అంతగా వెలగలేదు. బేడీలు ఇంకో జత ఉన్నాయేమోనని ముంగిస జేబులు తడుముకున్నాడు.