బండిలో మనిషి లేరు

టప్పుమని కారు ముందు చక్రం పగిలింది. రాజలింగం అద్దం దించబోయాడు. దిగలేదు.

"ఆగు! లోపల నేనున్న!" అని అరిచాడు.

"ఈ బండిలో మనిషి లేరు," అంది ఎండ్రకాయ, కోఠి సందంతా మోగేటట్టు.

ఎండ్రకాయంటే నిజం ఎండ్రకాయ కాదండీ. రోడ్డు పక్కన నిలిపిన బండ్ల పని పట్టే మెషీన్. ఆరు కాళ్లు, పట్టకార్ల లాంటి రెండు ఇనప చేతులు. బండిలో మనిషుంటే వదిలేస్తుంది. లేకపోతే పార్కింగ్ తప్పు కింద నలిపేస్తుంది. దాని మాటే సాక్ష్యం, ఇంకెవరి మాటా చెల్లదు. మరి మనిషున్నట్టు దానికెట్లా తెలుస్తుందంటారా? గుండె చప్పుడు! రేకు అవతలున్నా సెన్సర్‌తో పట్టేస్తుంది.

రాజలింగానికేమో పోయినేడు గుండె పాడైతే లోపల పంపు పెట్టారు. అది కొట్టుకోదు. బోరు మోటారు లాగా గుయ్యిమని తిరుగుతుంది, అంతే. దాని బ్యాటరీ అయిపోవస్తే వైరు కారు ఛార్జర్‌కి గుచ్చుకుని కూచున్నాడు. కొత్త బ్యాటరీకని పెళ్లాం సుగుణ ఎదురుగా మందుల షాపుకి పోయింది.

ఎండ్రకాయ బానెట్ చీల్చి కరెంటు తెంపేసింది. రాజలింగం నడుముకున్న పంపు డబ్బా కీచుకీచుమని మొదలెట్టింది. తలుపు తోసి చెయ్యి బయటపెట్టాడో లేదో, పట్టకారు పడింది. మనిషి అడ్డముంటే అది ఆగుతుంది. ఇక్కడ మనిషి లేడు కదా! రెండు వేళ్లు పటుక్కుమన్నాయి. నెత్తురు అద్దం మీద చిమ్మింది, తలుపు నొక్కుకుపోయి బిగుసుకుంది.

'మనిషి లేరు' అన్న మాట షాపులో సుగుణ చెవిన పడింది. "అయ్యో, నా మనిషి పోయిండా!" అని గుండెలు బాదుకుంటూ ఉరికొచ్చింది. చూస్తే, పోయిన మనిషి బూతులు తిడుతున్నాడు.

"ఏడుస్తవేందే, వైరు పెట్టు!"

ఇటుకతో అద్దం బద్దలుకొట్టి వైరు కొత్త బ్యాటరీకి గుచ్చింది. కీచుడు ఆగింది.

ఆ సెన్సర్ తయారుచేసిన సైంటిస్టు వైదేహి, ట్రయల్ చూడ్డానికొచ్చి, పక్కనే కొయ్యబారి నిలబడింది.

"దాన్ని ఆపమ్మా!" అంది సుగుణ.

"నా చేతుల్లో లేదండీ. మీ ఆయన గుండె చప్పుడు దానికి..."

"గుండె లేదంటవా? ఇన్నేండ్లు కాపురం చేసిన, నాకు తెల్వదా!"

రాజలింగం పగిలిన అద్దంలోంచి దిగాడు. డిక్కీలోంచి జాకీ రాడ్ లాగాడు. ఎండ్రకాయ మీద చెయ్యేస్తే షాక్ కొడుతుంది; పోయిన వారమే ఒక ఆటో ఆయన్ని నోట్లో నురగొచ్చేదాకా కొట్టింది. ఈయన దాని లెక్కలో మనిషే కాదు కదా, జోలికి పోలేదు. దాని కెమెరా కన్ను పగలగొట్టాడు. కాళ్లు ఒక్కొక్కటే విరిచాడు. వేళ్ల నెత్తురూ మెషీన్ నూనే ఒకటిగా కారుతుంటే, కసి తీరా పొట్టలో పొడిచాడు.

ఎస్సై వచ్చాడు. గరగరలాడుతున్న స్పీకర్ దగ్గర వంగి, "ఎవరు కొట్టింది?" అన్నాడు.

"ఇక్కడ... మనిషి లేరు."

ఎస్సై నెత్తురోడుతున్న రాడ్ చూశాడు, రాజలింగాన్ని చూశాడు. సాక్ష్యం సాక్ష్యమే కదా. టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

వేళ్లకి కట్టు కట్టించుకుని ఇల్లు చేరారో లేదో, గుమ్మం ముందు జనం.

"వదినా, మా సందులో గూడ ఒకటుంది. అన్నను ఒక్కపారి పంపు!"

సుగుణ తలుపుకి అడ్డం నిలబడింది. పొద్దున్న ఏ మాట వింటే ప్రాణం పోయినంత పనైందో, ఆ మాటే ఇప్పుడు తన నోటితో అంది.

"ఇంట్ల మనిషి లేరు, పోండ్రి."

లోపల రాజలింగం, ఎడం చేత్తో, జాకీ రాడ్ తుడుచుకుంటున్నాడు.