ఏడో పేజీలో రాసిన మర్యాద

“బ్రేక్! బ్రేక్ వెయ్యండి!”

వెయ్యదు చిహారు. వేస్తే ముందున్న వెండిరంగు కారు మంచులో కలిసిపోతుంది.

ఉదయం ఐదూ నలభై. హకోనె ఘాట్ రోడ్డు. పదిమంది పట్టే టూరిస్టు వ్యాను అది... రేసు కారు కాదు! వంపు తిరిగిన ప్రతిసారీ వెనక ఖాళీ సీట్లలో నీళ్ళ సీసాలు దొర్లుతున్నాయి.

పక్క సీట్లో కెల్విన్ క్వెక్. సింగపూర్ నుంచి వచ్చిన కస్టమర్. రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకున్నాడు.

“చంపేస్తారా ఏంటి, చిహారు గారూ!”

“నోరు ముయ్యండి!”

అనేసి తనే అదిరిపడింది. పదకొండేళ్ళుగా విదేశీయులకి రేసు టూర్లు వేస్తోంది. కస్టమర్‌ని ఆ మాట అనడం ఇదే మొదటిసారి.

పావుగంట క్రితం చూసింది కళ్ళముందు నుంచి పోవడం లేదు.

సూర్యోదయంలో ఫుజి కొండ ఫోటో కావాలని కెల్విన్ పోరు పెడితే ఇద్దరూ బయల్దేరారు. మిగిలిన ఏడుగురూ హోటల్లో నిద్ర. దారిలో ఒగిసో తాత ఇల్లు. గరాజ్ షట్టర్ తెరిచి ఉంది. వెండిరంగు కారు బాణంలా బయటికొచ్చింది!

గరాజ్ ముందు తాత. వెల్లకిలా. నోట్లోంచి రక్తం.

ఛాతీ మీంచి చక్రం ఎక్కించేశాడు దొంగవెధవ! తాతకి మాట పెగల్లేదు. చెయ్యి మాత్రం చాచాడు. వెళ్ళిపోతున్న కారు వైపు...

అంత వేడుకోలు ఏ కళ్ళలోనూ చూడలేదు చిహారు.

చచ్చిపోయిన కొడుకు కారు అది. ముప్పై ఏళ్ళ బండి. కోటి చెప్పినా, రెండు కోట్లు చెప్పినా తాత అమ్మలేదు. విదేశీయులకి చూపించనని కూడా భీష్మించుకుంటే, చిహారు ఆరుసార్లు మిఠాయి పెట్టె పట్టుకెళ్ళి బతిమాలి ఒప్పించింది.

అంబులెన్సుకి ఫోన్ చేసింది. తాతని పక్కింటి మోటోఎ ఆంటీకి అప్పజెప్పింది. వ్యాన్ ఎక్కింది.

ఆ కారు తాతకి తెచ్చివ్వాలి. అంతే!

మళ్ళీ వంపు. టైర్లు కీచుమన్నాయి. దూరం తగ్గుతోంది. ఆ కారు తీరు దొంగకి తెలీదు, వంపు వంపుకీ తడబడుతున్నాడు.

“తాత రోజూ ఈ వేళకి నడుచుకుంటూ కొడుకు సమాధి దగ్గరికి వెళ్తాడు. ఇల్లు ఖాళీ అని వాడికెలా తెలుసు?”

“మీరే రాశారుగా,” అన్నాడు కెల్విన్.



ప్రయాణ పుస్తకం!

పిల్లల పిక్నిక్‌కైనా చిన్న పుస్తకం అచ్చేసి పంచుతారు ఇక్కడ. ఎన్నింటికి లేవాలి, ఎక్కడ చెప్పులు విప్పాలి, అన్నీ. చిహారు కూడా వేసింది. యోకొహామా పార్కింగులో కార్ల జాతర ఏ రోజు, సుజుకా రేసుకి రైలు ఏ ప్లాట్‌ఫారం... నిమిషాలతో సహా!

ఏడో పేజీ. ‘ఉదయం ఐదు నుంచి ఆరు వరకు ఒగిసో గారు ఇంట్లో ఉండరు. ఆ వేళలో వెళ్ళి ఇబ్బంది పెట్టకండి.’

అతిథులు తాతని విసిగించకూడదని రాసింది. దొంగకి ముహూర్తం పెట్టిచ్చింది!

కళ్ళు మండాయి. సిగ్గుతో... కోపంతో.

ముందు రెండు దారులు. ఎడమకి వెళ్తే రేవు. కుడికి ఊరు.

వెండిరంగు కారు కుడికి తిరిగింది.

“కుడికా! ఎడమకి కదరా పోవాలి, సన్నాసీ!”

అరిచింది కెల్విన్.



చిహారు మెల్లగా తల తిప్పింది. అట్టపెట్టెలు కోసే కత్తి... అప్పటికే మెడ మీద ఉంది!

“రోడ్డు చూడండి. వాణ్ణి వదలకండి.”

“నువ్వా...”

“రేవులో నా కంటైనర్ ఎదురుచూస్తోంది. వాడు మాత్రం బండి ఎటో తోలుకుపోతున్నాడు. నాకే టోకరా!” నవ్వాడు. “అయినా ముసలాడు ఇంట్లో ఎందుకున్నాడండీ? మీ పుస్తకంలో అలా లేదే! తప్పులున్న పుస్తకం అమ్మారు. డబ్బు వాపసు ఇస్తారా?”

చర్మం తెగింది. వెచ్చగా కాలర్ లోకి దిగుతోంది.

వెండిరంగు కారు వేగం తగ్గింది. ఆగింది! లోయ అంచున, తుప్పు పట్టిన రెయిలింగ్ పక్కన.

డ్రైవర్ దూకాడు. బక్కపల్చటి కుర్రాడు. రెండు చేతులూ ఊపుతూ వ్యాను వైపు పరిగెత్తుకొస్తున్నాడు. ఏదో అరుస్తున్నాడు. అద్దాలు మూసి ఉన్నాయి. ఏమీ వినపడ్డం లేదు.

బాసుకి సంజాయిషీ చెప్పుకుంటున్నాడేమో!

“మెల్లగా ఆపండి. నేను దిగి ఆ కారెక్కుతా. మీరేమో...”

మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు. కత్తి చెప్పింది.

చిహారు ఓరగా చూసింది.

బెల్టు పెట్టుకోలేదు వాడు!

తన బెల్టు ఉంది. పళ్ళు బిగించింది. ముక్కలైనా ఫర్వాలేదు... ఆ కారు వీడికి మాత్రం దక్కకూడదు!

యాక్సిలరేటర్ అడుగంటా తొక్కింది.

కుర్రాడు పక్కకి దూకాడు.

ధడ్!

కెల్విన్ తల అద్దంలోంచి దూసుకెళ్ళింది. కత్తి ఎటో ఎగిరిపోయింది. వెండిరంగు కారు రెయిలింగ్ మీదికి జరిగింది... వంగింది... రెయిలింగ్ ఊడింది...

చప్పుడు కిందినుంచి చాలాసేపు వచ్చింది.

చిహారు తూలుతూ దిగింది. కెల్విన్‌లో కదలిక లేదు. ‘తాతా, వాడికి దక్కనివ్వలేదు.’

కుర్రాడు రోడ్డు మీద కూలబడి తల బాదుకుంటున్నాడు.

“ఆగమని అరుస్తూనే ఉన్నా కదా! వెనకనుంచి ఏడుపు వినిపించి వణికిపోయాను... పోలీసుల దగ్గర దింపేసి పారిపోదామనుకున్నా... ఎందుకు గుద్దావే!”

“ఎవరిని... ఎవరిని దింపడానికి?”

జేబులో ఫోన్ మోగింది. మోటోఎ ఆంటీ.

“చిహారూ, తాతకి మాట వచ్చిందమ్మా! ఇవాళ కొడుకు తద్దినం కదా, మనవరాల్ని సమాధికి తీసుకెళ్దామని నిద్రలోనే వెనక సీట్లో పడుకోబెట్టాడట. పాప, పాప అని ఒకటే కలవరింత. నువ్వు వెనకే వెళ్ళావు, పాపకేం కాదని ధైర్యం చెప్పాను. ఒక్కసారి పాపకి ఫోనివ్వమ్మా, తాత దాని గొంతు వింటానంటున్నాడు.”