ఒక్కసారి లేచిన చెయ్యి

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు, బ్యాంకు పై అంతస్తు మీటింగ్ హాల్లో, నర్సరీ ఉన్న స్థలాన్ని వేలం వేశారు. పాట పాడింది ఇద్దరు. ఒకరు ఆ నర్సరీ నడిపే అమ్మాయి. రెండో మనిషి కొలతలబాబు.

ఆ పేరు పెట్టింది ఆమే. అతను ప్లాట్లు అమ్మే ఆఫీసులో పని చేస్తాడు. వేసవి నుంచీ ప్రతి శనివారం నర్సరీకి వచ్చి ఒక మొక్క కొనేవాడు. దానికి నీళ్లు ఎన్ని పొయ్యాలో అడిగేవాడు కాదు. ముందు రోడ్డు ఎన్ని అడుగులు, వెనక గోడ ఎవరిది, బోరు లోతెంత అని అడిగేవాడు.

స్థలం ఆమె అద్దెకు తీసుకున్నది. ఓనరు దాన్ని తాకట్టు పెట్టి అప్పు తీర్చలేదు. బ్యాంకు అమ్మకానికి పెట్టింది. పక్క స్థలాలు కొన్న బిల్డరు ఒకడు దీని మీదా కన్నేశాడు. వేరేవాళ్లు కొంటే ఖాళీ చెయ్యాలి. కుండీలను లారీ ఎక్కించొచ్చు. అంట్లు కట్టే తల్లిచెట్లు నేలలో ఉన్నాయి. వాటిని ఎక్కించలేరు.

హాల్లోకి అతను రాగానే, ఆమెకు తోడుగా వచ్చిన బాబాయి ఆమె వైపు వంగాడు.

"అడుగో, నీ కొలతలబాబు. నేను చెప్పలా? వీడు ఆ బిల్డరు మనిషే."

"మెల్లగా బాబాయ్, వింటాడు."

"విననీ."

అతను నేరుగా వాళ్ల దగ్గరికే వచ్చి, ఆమె పక్క కుర్చీ చూపించాడు.

"ఇక్కడెవరైనా ఉన్నారాండీ?"

"ఉన్నారు."

"ఎవరు?"

"మా అనుమానం." ఆమె బ్యాగు తీసి ఆ కుర్చీలో పెట్టింది. "మీరూ డిపాజిట్ కట్టారా?"

"కట్టానండీ."

"ఎవరి డబ్బు?"

"నాదే. కొంత మా అక్కది."

"మీ అక్క బిల్డరా?"

"టైలర్."

బాబాయి పెదవి విరిచాడు. అతను వెళ్లి వెనక వరసలో కూర్చున్నాడు.

ఆఫీసరు కనీస ధర చదివాడు. అమ్మాయి చెయ్యెత్తింది. ఆఫీసరు హాలంతా చూసి, "ఇంకెవరైనా?" అన్నాడు. ఎవరూ పలకలేదు. ఆయన పెన్ను మూత తీశాడు.

అప్పుడు వెనక వరసలో కొలతలబాబు చెయ్యి లేచింది. ధర ఒక మెట్టు పెరిగింది.

"చూశావా!" అన్నాడు బాబాయి.

ఆమె ఇంకో మెట్టు ఎక్కింది. అదే ఆఖరి మెట్టు. ఆ పైన ఆమె దగ్గర ఏమీ లేదు. వెనక్కి తిరిగి చూసింది. అతను ఆ చేతిని తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాడు.

ఆఫీసరు మూడుసార్లు పిలిచి బల్ల మీద కొట్టాడు. స్థలం ఆమెదయింది.

ఆమెకు సంతోషం కన్నా ముందు కోపం వచ్చింది. అతను మెట్లు దిగి వెళ్లిపోయాక ఆఫీసరు దగ్గరికి వెళ్లింది.

"సార్, ఆయన డమ్మీ. ఒక్కసారి చెయ్యెత్తి నాతో రెండు మెట్లు ఎక్కించాడు. ఎవరు పంపారో కనుక్కోండి."

"అమ్మా, ఒక్కరే పాడితే మా దగ్గర పాట చెల్లదు. ఇద్దరుండాలి. ఆయన ఎత్తకపోతే వాయిదా రాసేసేవాణ్ణి. డిపాజిట్ గడువు తప్పిన బిల్డరు గారు పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు, మళ్లీ పాట ఎప్పుడని."

"మరి ఈయన?"

"డిపాజిట్ కట్టాడు, చెయ్యెత్తాడు. మీరు ఆగిపోయుంటే ఆయన నెత్తినే పడేది."

బయట వాన మొదలైంది. కొలతలబాబు గొడుగు లేక పోర్టికోలో నిలబడ్డాడు. ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. వెనక బాబాయి.

"ఈ రూలు మీకు ముందే తెలుసా?"

"తెలుసండీ."

"మరి చెప్పొచ్చుగా?"

"చెప్తే ఇద్దరం కూడబలుక్కున్నట్టు అవుతుంది. పాట రద్దు చేస్తారు."

"నేను ఆగిపోయుంటే?"

"అక్క చేత తిట్లు తినేవాణ్ణి. మీకే అద్దెకిచ్చేవాణ్ణి."

"ఊరికే ఎవరూ ఇంత చెయ్యరు."

"అదే నేనూ అంటున్నా," అన్నాడు బాబాయి.

"ఊరికే కాదండీ," అని అతను వాన వైపు చూశాడు.

"మరి ఆ రోడ్డు, గోడ, బోరు?"

"మీతో మాట్లాడాలని వచ్చేవాణ్ణి. నాకొచ్చిన మాటలు అవే."

బాబాయి దగ్గాడు.

"కొన్న మొక్కలేం చేశారు?" అంది ఆమె.

"మా మేడ మీదున్నాయి. మూడు చచ్చిపోయాయి."

"ఎందుకు?"

"నీళ్లెక్కువయ్యాయంటుంది అక్క."

"అడగొచ్చుగా నన్ను?"

"అడుగుదామనే అనుకునేవాణ్ణి. గేటు దాటగానే నోట్లోంచి రోడ్డు వెడల్పు వచ్చేసేది."

ఆమె నవ్వు ఆపుకుంది. అనుమానం మాత్రం వదల్లేదు.

"శనివారం అన్నీ పట్టుకురండి. చూస్తేగానీ నమ్మను."

"చచ్చినవి కూడానా?"

"ముందు అవే."

శనివారం మధ్యాహ్నం నర్సరీ ముందు ఆటో ఆగింది. కొలతలబాబు కుండీలు దించాడు. అతని వెనక ఒకామె దిగింది. మెడలో టేపు ఉంది.

"మీరూ..." అన్నాడు బాబాయి.

"వీడి అక్కనండీ. మిగిలిన డబ్బు నేనే ఇచ్చాను. అది దేనికో ఆ రోజు చెప్పలేదు వీడు. ఇప్పుడు చెప్పాడు."

బాబాయి ఆమెకు కుర్చీ వేశాడు.

అమ్మాయి చచ్చిన మొక్కలను కుండీల్లోంచి లాగి చూసింది. మూడింటికీ వేళ్లు కుళ్లాయి. నీళ్లెక్కువయ్యే.

అతను ఆ రోజు మొక్క కొనలేదు. రోడ్డు గురించి అడగలేదు.

సాయంత్రం ఆటో తిరిగి వెళ్లింది. అందులో అక్క ఒక్కతే ఉంది.